వెయ్యో గోల్ వారి సముఖానికి

మహారాజశ్రీ వెయ్యి గారికి, ఒక ఫుట్‌బాల్ ప్రేక్షకుడు సవినయంగా రాసుకునే విన్నపం ఏమనగా,

మొన్న ఆదివారం మిత్రుల మధ్య, వెయ్యి గోల్స్ కొట్టానని చెప్పుకున్న బ్రెజిల్ ఆటగాడు టూలియో మరవిల్యా పేరు ఎత్తాను. అతను ఎలాంటి స్ట్రైకరో నాలుగు మాటలు చెప్పేలోపే ఒకాయన అడ్డు తగిలి, ‘ఆ వెయ్యి గోల్స్ నిజమేనా?’ అని అడిగారు. అంతే, మధ్యాహ్నమంతా కూడికల్లో పోయింది. స్నేహపూర్వక మ్యాచ్‌లు కలిపితే ఒక మొత్తం, తీసేస్తే ఇంకొకటి, కుర్రాళ్ల జట్లలో కొట్టినవి చేరిస్తే మరొకటి వచ్చాయి గానీ తమరి దర్శనభాగ్యం మాత్రం కలగలేదు. అతని ఆట గురించి ఒక్క మాటైనా సాగకుండానే ఎవరి ఇళ్లకు వాళ్లు లేచిపోయారు. ఇందుకు పూర్తి బాధ్యులు తమరే గనుక ఈ లేఖ తమరికే రాస్తున్నాను.

తమరు ఎవరికి పడితే వారికి కనిపించరనీ, కనిపించినా పెనాల్టీ రూపంలోనే కనిపిస్తారనీ చరిత్ర చెబుతోంది. 1969 నవంబర్ 19న మరకానా స్టేడియంలో పెలేకు అలాగే ప్రత్యక్షమయ్యారు. ఎదుటి జట్టు వాస్కో గోల్‌కీపర్ ఆంద్రాదా సరైన వైపే దూకి, బంతి చేతికి అందీ అందక లోపలికి పోవడంతో, పడినచోటే నేలను పిడికిలితో గుద్దుకున్నాడు. 2007లో అదే బ్రెజిల్‌కు చెందిన 41 ఏళ్ల రొమారియోకూ పెనాల్టీయే, టూలియోకూ పెనాల్టీయే. ఎదురుగా ఒక్క గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ అడ్డురాకూడదన్న ఏర్పాటు చేయించుకుని గానీ తమరు గడప దాటరు కాబోలు.

పోనీ వంశమైనా మచ్చలేనిదా అంటే అదీ కాదు. పెలేకు ముందుతరం బ్రెజిల్ ఆటగాడు ఆర్తర్ ఫ్రీడెన్‌రైఖ్ పేరిట దశాబ్దాల పాటు 1329 గోల్స్ చెలామణీ అయ్యాయి. అసలు అంకె 1239 అనీ, ఎవరో రాసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయనీ తరువాత అన్నారు. ఇంకా తరువాత ఒక పరిశోధకుడు పాత పత్రికలన్నీ తిరగేసి 554 దగ్గర ఆగాడు. పెలే పద్దులో సైనిక జట్టుకు కొట్టినవి ఉన్నాయి, రొమారియో పద్దులో కుర్రతనంలో కొట్టినవి ఉన్నాయి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. తమరి వ్యవహారంలో పెళ్లి కూడా లేదు. (ఇప్పుడు పోర్చుగల్ పెద్దమనిషి ఒకాయన నలభై దాటాక కూడా తమరి గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఆ సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.)

నాకు మింగుడుపడనిది టూలియో సంగతి ఒక్కటే. 1989లో గోయాస్ తరఫున, 1994, 1995లలో బోటఫోగో తరఫున బ్రెజిల్ జాతీయ లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టినవాడు అతను. మధ్య ఏడాది మాత్రం ఆ గౌరవాన్ని అమొరోజో అనే మరో ఆటగాడితో పంచుకున్నాడు. 1995లో ఏడో నంబరు చొక్కాతో 23 గోల్స్ కొట్టి బోటఫోగోను ఛాంపియన్‌ను చేశాడు. పకయెంబు స్టేడియంలో శాంటోస్ జట్టు మీద, ఫైనల్ రెండో అంచెలో, అతను కొట్టిన గోల్ నిబంధన ప్రకారం చెల్లకూడని ఆఫ్‌సైడే, నేనేమీ కాదనను. కానీ ఆ తగవుకు కూడా ఒక రుచి ఉంది. అదే ఏడాది దక్షిణ అమెరికా దేశాల పోటీ కోపా అమెరికాలో బ్రెజిల్ మీద అర్జెంటీనా 2-1తో ముందుండగా, గాలిలో వచ్చిన బంతిని చేత్తో దించుకుని, ఏమీ ఎరగనట్టు కాలితో వలలోకి తోశాడు. 1986లో చేతి గోల్‌తో ఇంగ్లండ్‌ను ఏడిపించిన అర్జెంటీనావాళ్లు ఆ రోజు రెఫరీకి న్యాయం నేర్పబోవడం చూసి నవ్వనివాడు ఉండడు.

ఇంత కథ ఉన్న మనిషిని ఏం చేశారండీ మీరు? కొరింథియన్స్, ఫ్లుమినెన్సే, క్రుజేరో వంటి పెద్ద జట్ల నుంచి మెట్టుమెట్టుగా దింపి, హంగరీలో ఉయ్‌పెస్ట్‌కు, బొలీవియాలో విల్‌స్టర్‌మాన్‌కు, తిరిగి స్వదేశంలో చిన్న ఊళ్ల చిన్న జట్లకు తిప్పారు. 2008లో గోయానియా నగర కౌన్సిలర్‌గా ఎన్నికైనా అతనితో బూట్లు విప్పించలేదు. చివరికి 2014 ఫిబ్రవరిలో, 44 ఏళ్ల వయసులో, మీనాస్ జెరైస్ రాష్ట్ర పోటీల రెండో శ్రేణిలో ఆడే అరషా జట్టులో మీ దర్శనం దయచేశారు. ఆ మర్నాటి నుంచి అతని పేరు చెబితే జనం ముందు నవ్వుతారు, తరువాత లెక్క అడుగుతారు.

ఇక మర్యాదలు చాలు. నీకు ఫైనల్‌లో కొట్టిన గోలూ ఒకటే, సరదా మ్యాచ్‌లో ఎవరూ చూడకుండా కొట్టిన గోలూ ఒకటే. శాంటోస్ అభిమానులు ఇప్పటికీ తిట్టుకునే గోల్‌నూ, కొట్టినవాడికే గుర్తులేని గోల్‌నూ ఒకే గాటన కట్టి పైన కూర్చున్నావు. నిజంగా జరిగిన 23 గురించి ఎవరూ మాట్లాడకుండా, జరిగిందో లేదో తేలని నీ గురించే మాట్లాడుకునేలా చేశావు. ఏం చూసుకుని నీకింత మిడిసిపాటు? మా ఊళ్లో పెళ్లికి వెళ్లినా నిన్ను ఒంటరిగా చదివించరు, పక్కన నూటపదహారు పెట్టి గానీ కవరు ఇవ్వరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నువ్వు దొరికాక టూలియో ఇంటి దగ్గర కూర్చోవాలి కదా? 2019లో, యాభైకి చేరువలో, సావో పాలో రాష్ట్రంలో అడుగు శ్రేణిలో ఆడే టబొవాం డ సెర్రా జట్టుతో మళ్లీ ఒప్పందం చేసుకున్నాడు. వెయ్యిన్నొకటో గోల్‌కు కెమెరాలు రావని తెలియనంత అమాయకుడు కాడు. కెమెరాల మీద అతనికున్న ప్రేమ బ్రెజిల్ అంతటికీ తెలుసు. అయినా వెళ్లాడు. అలాంటివాడితో నీకింకా పనేమిటి? అతని పేరు పక్కనుంచి లేచి కాస్త అవతల కూర్చో, 23 కూర్చోవాలి.

ఇట్లు,
కూడికలతో విసిగిన ప్రేక్షకుడు