రాని బస్సుకు జీరో టికెట్

ఘట్‌కేసర్ దాటి లోపలి ఊళ్లకు పోయేవాళ్లు రాత్రి తొమ్మిదింటికి హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ఎలా నిలబడి ఉంటారో ఒకసారి వెళ్లి చూడండి. వచ్చిన ప్రతి బస్సు బోర్డు కేసి మెడలు సాచి చూస్తారు, తమది కాదని తెలియగానే మళ్లీ ఫోన్లలోకి తలలు దించుతారు. చివరికి షేర్ ఆటోనే గతి: వెనక నలుగురు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు, ఒళ్లో టిఫిన్ డబ్బా సంచి. ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే, ఎందుకంటే వాడు కూడా వెళ్లిపోతే ఇక ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి బండి తెమ్మనడమే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచి పథకం, మేం అప్పుడూ మెచ్చుకున్నాం, ఇప్పుడూ అదే మాట అంటాం. కానీ ఆ ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్ కొట్టాలన్నా ముందు బస్సు రావాలి కదా!

బస్సు సంగతి అలా ఉంటే రైలుది ఇంకో కథ. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. రెండో దశ కోసం రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు పెట్టుకోవాలని ఒప్పందం. మీ వాటా ఇవ్వలేదంటే మీ పని కాలేదని ఏళ్లకేళ్లు వాదులాడుకున్నాక 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు, ఉందానగర్‌కు, 2024 మార్చిలో ఘట్‌కేసర్‌కు రైళ్లు వచ్చాయి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు పోయే దారిలో డబుల్ లైను వేశారు, కరెంటు తీగలు లాగారు, ప్లాట్‌ఫారాలు కట్టారు. అన్నీ ఉన్నాయి, రైళ్లే లేవు. ఒకటి తప్పితే ఇంకోదానికి ఎంతసేపు ఆగాలో తెలియని లైనును నమ్ముకుని ఎవరైనా ఉద్యోగం చేస్తారా? జనం ఎక్కడం లేదు కాబట్టి రైళ్లు పెంచం అంటారు అధికారులు. రైళ్లు లేవు కాబట్టే ఎక్కడం లేదయ్యా!

ఇదే మేడ్చల్‌కు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మెట్రో కూడా వేస్తామంటున్నారు. వేయండి, వద్దని ఎవరూ అనరు. కానీ ఆ పిల్లర్లు లేచేసరికి ఇవాళ ఇంటర్ చదివే పిల్లలకు పిల్లలు పుడతారు. ఈలోగా ఉన్న పట్టాల మీద పొద్దున, సాయంత్రం అరగంటకో రైలు, రాత్రి పదింటికి ఆఖరిది, అదీ చెప్పిన టైముకు నడిపితే చాలు. గూడ్సులకూ ఎక్స్‌ప్రెస్‌లకూ దారిచ్చి లోకల్‌ను సిగ్నల్ దగ్గర నిలబెట్టే అలవాటు కనీసం ఆఫీసు వేళల్లో మానుకోవాలి.

ఇక ఊళ్లలో నైట్ హాల్ట్ బస్సు అని ఒకటి ఉండేది. రాత్రి ఆఖరి ట్రిప్పుకు వచ్చి ఊళ్లోనే పడుకుని, తెల్లారి కూరగాయల గంపలతో, కాలేజీ పిల్లలతో పట్నం బయల్దేరేది. చాలా ఊళ్లకు అదే గడియారం. కిలోమీటరుకు ఎంత వచ్చిందని డిపోలో లెక్క తీస్తే అలాంటి సర్వీసులే ముందు ఎగిరిపోతాయి. ఆ బస్సు పోయాక ఎంతమంది ఆడపిల్లలు కాలేజీ మానేశారో మాత్రం ఏ డిపో లెక్కలోకీ రాదు. అలాంటి ట్రిప్పుల నష్టాన్ని ప్రభుత్వమే విడిగా ఆర్టీసీకి కట్టాలని మా డిమాండ్.

రైలు దిగినవాళ్ల కోసం స్టేషన్ బయట బస్సు ఆగి ఉండాలన్నది ఇంకోటి. దీనికి భూసేకరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రెండు టైంటేబుళ్లు ఒక టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్క పూటలో తేలే పని. సికింద్రాబాద్‌లోని రైల్వే పెద్దాఫీసు రైల్ నిలయం నుంచి ముషీరాబాద్‌లోని ఆర్టీసీ పెద్దాఫీసు బస్ భవన్ ఎంత దూరమని, ఐదారు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ దారిలో బస్సులకు కొరత కూడా లేదు.