ఉపదేశి చేతికి అందే పత్రిక కావాలి

జనవరి 24 పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ పండుగ. ప్రసంగం వినడానికి రాని షాబ్లే (ఇప్పటి ఫ్రాన్స్‌లోది) ప్రాంత ప్రజల కోసం ఆయన సత్యోపదేశాన్ని కాగితాల మీద రాసి, తలుపుల కింద నుంచి లోపలికి తోయించేవారు. 1923లో పదకొండో పయస్ పోపుగారు ఆయనను పాత్రికేయులకు పాలక పునీతునిగా ప్రకటించారు. కతోలిక పత్రికను నెలకొల్పి పోషించుకోవాలని 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం) కూడా చెప్పింది. గోదావరి డెల్టాలో మన కతోలిక మాసపత్రిక ఆ పని చేస్తోందా?

ఇక్కడ ఒక్కో విచారణ (ఒక ఫాదర్‌గారు చూసుకునే చర్చి పరిధి) కింద అనేక పల్లెలుంటాయి. ఫాదర్‌గారు అన్ని ఊళ్లకూ ప్రతి ఆదివారం రాలేరు. ఆయన రాని వారం ప్రార్థన నడిపేది ఉపదేశిగారు. పత్రిక ముందుగా ఆయన కోసం తయారవ్వాలని మా గట్టి అభిప్రాయం. సన్మానాల ఫొటోలకు ఒక పేజీ చాలు. నాలుగు ఆదివారాల బైబిలు పఠనాలు, వాటి వివరణ మాత్రం తప్పకుండా ఉండాలి. ఒక్కో వివరణ 400 మాటలు దాటకూడదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు పొలం నుంచి అలిసి వచ్చినవాళ్లు ఐదు నిమిషాలు శ్రద్ధగా వింటారు, అరగంట వినలేరు.

అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది. చిన్న అక్షరాల్లో వత్తులు పూడిపోయి ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. వరుసల మధ్య జాగా లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. చర్చిలో ట్యూబ్‌లైటు వెలుగులో, కళ్లజోడు పెట్టుకుని చదివే పెద్దాయన అక్కడే తడబడతారు.

ఆలస్యం ఇంకా పెద్ద లోపం. ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల) సంచిక మూడో ఆదివారానికి చేరితే అందులో సగం వృథా. ముందు నెల 15 నాటికి రాతలు ముగించి, 20కి అచ్చుకిచ్చి, 25 లోపు తపాలాలో వేయాలి. వానాకాలంలో లంక గ్రామాల కట్టలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఇంకా ముందే పంపాలి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు మరో చిక్కుంది. అను ఫాంట్లలో (అచ్చుకు వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టిన పాఠాన్ని అలాగే కాపీ చేస్తే ఫోన్లో అర్థంలేని గుర్తులొస్తాయి. ఫోన్లు చదవగల యూనికోడ్‌లోకి మార్చాక ప్రతి వత్తునూ ఒకసారి సరిచూడాలి. కోనసీమ, నరసాపురం వైపు నుంచి కువైట్‌కు పనికి వెళ్లిన తల్లులకు ఇదే ఆధారం. అక్కడ వారపు సెలవు శుక్రవారం, ఆదివారానికి బదులు చాలామంది పూజలో పాల్గొనేది ఆ శుక్రవారమే. కాబట్టి పఠనాలు వాళ్ల ఫోన్లకు గురువారం సాయంత్రానికే చేరాలి.