ఆరు కిలోల తేడా

బెంగళూరు జయనగరంలో మా పై వాటాలో ఉండే బాబాయిగారు ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. డిసెంబరులో ఆయన ఒక్కరే ఢిల్లీలో ఉన్న కూతురి దగ్గరకు బయలుదేరిన రోజున, బరువు చూసుకునే మిషను హాలు మధ్యకు వచ్చింది. సూట్‌కేసును రెండు చేతులా పట్టుకుని దానిమీద నిలబడి, వచ్చిన అంకెలోంచి తన బరువును తీసివేయడం ఆయన పద్ధతి. పద్ధతిలో నిజానికి ఏ దోషమూ లేదు. వారి వీధి తలుపు తీసే ఉంది కనుక మిగిలినదంతా మెట్ల మీద నాకు వినిపించింది.

బాబాయిగారు: మొత్తం 89 వచ్చింది. అందులో నా 68 పోతే పెట్టె 21 కిలోలు. నా టికెట్టుకు అనుమతించిన బరువు 15. నిన్ను పెట్టె సర్దమన్నానా, కిరాణా కొట్టు పెట్టమన్నానా?

పిన్నిగారు: చేత్తో ఎత్తి చూసి బియ్యం ఎన్ని కిలోలో చెప్పేదాన్ని, ఈ పెట్టె పదిహేను దాటదని చెబుతున్నాను. బరువైనవన్నీ చక్రాల వైపు పెట్టి, చొక్కాలను చుట్టలుగా చుట్టి, బూట్లలో మేజోళ్ళు కుక్కి, ఆవకాయ సీసా మూతకు టేపు వేసి, రెండు సంచుల్లో కట్టి తువ్వాళ్ళ నడుమ పెట్టాను. విమానం పైకి వెళ్ళాక ఒత్తిడి తగ్గి, సీసాలోని గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుందని మీకు తెలియకపోయినా నాకు తెలుసు.

బాబాయిగారు: అంత తెలిసినదానివి ఆ సీసాను చేతిసంచిలో పెట్టవచ్చు కదా? దానికి వేరే 7 కిలోలు ఇచ్చారు.

పిన్నిగారు: కారం పచ్చడిని తనిఖీ దగ్గరే ఆపేస్తారు. చేతిసంచిలో ఉండవలసినది పవర్ బ్యాంకు, దాన్నేమో మీరు పెట్టె అడుగున దాచారు. లిథియం బ్యాటరీ కింద సామాన్ల మధ్య అంటుకుంటే ఆర్పే మనిషి అక్కడ ఉండడు కాబట్టి దాన్ని వెంటే ఉంచుకోమంటారు. ఆ ఎండు కొబ్బరి చిప్పలు కూడా మీ నిర్వాకమే. నూనె ఎక్కువై తమంతట తామే వేడెక్కే సరుకని వాటిని అసలు విమానమే ఎక్కనివ్వరు.

కొబ్బరి దిగింది. తరువాత కందిపొడి, ఆపైన నువ్వుల చిక్కీలు, చిట్టచివరికి ఆవకాయ దిగాయి. ఒక్కొక్క వస్తువుకూ ఆయన పెట్టెతో సహా మిషను ఎక్కి, ఒక్కొక్క తీసివేత పైకి చదివారు.

బాబాయిగారు: 83 లోంచి 68 పోతే సరిగ్గా 15. లెక్క అంటే ఇలా తేలాలి.

పిన్నిగారు: ఏదీ, ఇలా ఇవ్వండి. మోకాళ్ళ నొప్పుల మనిషిని, పదిహేను కిలోల పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి గుమ్మం దాటించానంటే మీరు నమ్ముతున్నారా? పెట్టె లేకుండా ఒకసారి ఎక్కండి.

బాబాయిగారు: నా బరువు నాకు తెలియదా? రిటైరయ్యేముందు వైద్య పరీక్ష చేసి 68 అని కార్డు మీద రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చారు.

పిన్నిగారు: అది ఓపెనింగ్ బ్యాలెన్సు. ఆ తరువాత రోజూ సాయంత్రం నాలుగో బ్లాకులో మీరు తిన్న మద్దూరు వడలన్నిటినీ ఏ పద్దులో చూపించారు?

ఆయన ఎక్కారు. 74.

బాబాయిగారు: ఇక్కడ నేల వాలుగా ఉంది.

పిన్నిగారు: నా ఆవకాయ దిగేదాకా చదునుగా ఉన్న నేలే కదా!

బాబాయిగారు: కళ్ళజోడు, తాళాల గుత్తి తీసేశాను. ఇప్పుడు చూడు.

పిన్నిగారు: 74. తాళాలు పోయినా తలుపు కదల్లేదు.

బాబాయిగారు: ఇప్పుడే కాఫీ తాగానన్న సంగతి నువ్వు లెక్కలోకి తీసుకోవడం లేదు.

పిన్నిగారు: ఆరు కిలోల కాఫీ పోసి ఉంటే వీధిలో పాల ప్యాకెట్లు మిగిలేవి కావు.

బాబాయిగారు: ఇంతసేపూ మోసిన పెట్టె బరువు ఒంట్లోంచి ఇంకా దిగి ఉండదు. కాసేపు కూర్చుని ఎక్కుతాను.

పిన్నిగారు: కూర్చోండి. మీ నడుము చేసిన నేరానికి నా సీసాను శిక్షించారు, దాన్ని నేను తిరిగి లోపల పెట్టుకుంటాను. అవునూ, ఇక్కడ ఉండవలసిన స్వెట్టరు ఏమైంది?

బాబాయిగారు: సోఫా వెనక ఉంది. పచ్చడి తీయమన్నప్పుడు నీ మొహం చిన్నబోయింది. స్వెట్టరు తీస్తే సీసా మిగులుతుందేమోనని మొదటి తూకం కాగానే తీశాను.

పిన్నిగారు: ఢిల్లీ చలిలో ఆవకాయ కప్పుకుని పడుకుందామనుకున్నారా? ఒంటి మీదే వేసుకోండి. బరువైన బట్టలు వేసుకుని బయలుదేరితే పెట్టెలో ఇంకొన్ని చిక్కీలకు చోటు వస్తుంది.

బాబాయిగారు: గుండీలు అందడం లేదు. ఉతికితే ముడుచుకుపోయినట్టుంది.

పిన్నిగారు: దాన్ని నేను 68 కిలోల మనిషికి అల్లాను. గుండీలు బలవంతంగా పెట్టకండి. ఊడితే అమ్మాయి చేత కుట్టించుకోవడానికి సూదీ, నీలం దారమూ పెట్టెలో కుడి వైపు పెట్టాను. ఇక కదలండి, హెబ్బాళ దగ్గర బండ్లు కదలకపోతే విమానం వెళ్ళిపోయాక దేవనహళ్ళి విమానాశ్రయానికి చేరుతారు.