తెర మీద బొంత ఉంటుంది, కుట్టిన మనిషి ఉండదు

సినిమా చూస్తుంటే నా కళ్లు మంచం మీదికి పోతాయి. హీరో మాటలు వింటూనే, అతను కూర్చున్న నులకమంచం మీద ఏం పరిచారో చూస్తుంటాను. కొన్నేళ్లుగా తెర మీదా, ప్రయాణాల్లోనూ బొంతల కోసం వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. మన సినిమాల్లో బొంత అంటే పేదరికం. గుడిసె, కారే పైకప్పు, దగ్గుతున్న ముసలమ్మ, ఆమె మీద బొంత. అమెరికా సినిమాల్లో, సీరియళ్లలో అదే వస్తువు వెచ్చదనానికి గుర్తు. నాయనమ్మ ఇల్లు, కర్ర మంచం, దాని మీద రంగురంగుల క్విల్ట్ కనిపించగానే ఆ ఇంట్లోవాళ్లంతా మంచివాళ్లేనని మనకు నమ్మకం కుదురుతుంది. రెండు చోట్లా లోటు ఒకటే. కప్పుకున్నవాళ్లు కనిపిస్తారు, కుట్టేవాళ్లు దాదాపు ఎప్పుడూ కనిపించరు.

మన తెర మీది బొంతల్లో చాలావాటిని చూడగానే షూటింగ్ కోసం కుట్టించినవని తెలిసిపోతుంది. కొత్త గుడ్డను సమానంగా చదరాలు కత్తిరించి మిషన్ మీద కుట్టేస్తారు. ఇంట్లో కుట్టిన బొంత అలా ఉండదు. అందులోని గుడ్డ ఏళ్ల తరబడి ఒంటి మీద నలిగాకే అక్కడికి చేరుతుంది. ఒకే చీర కుచ్చిళ్ల దగ్గర ఒకలా, పవిట దగ్గర ఒకలా వెలిసిపోయి ఉంటుంది. మా ఇళ్లలో పైపొర ఎక్కువగా ఒక పెద్ద చీరే. చిరిగిన చోటే అతుకు పడేది. అందం కోసం వేసింది కాదు కాబట్టి, ఆ గుడ్డ ఎక్కడ అరిగిందో అతుకును చూసి చెప్పొచ్చు.

మా వైపు బొంత కుట్టడం ఎండాకాలం పని. అడుగున పాత పంచెలు, మధ్యలో ఇంక దేనికీ పనికిరాని ముక్కలు, పైన మెత్తబడిన నేతచీర. నేల మీద పరిచి, ముడతలు లేకుండా లాగి, మూలల మీద పీటలు పెట్టేవాళ్లు. ముందు అంచుల చుట్టూ పెద్ద పెద్ద టాకాలు, ఆ తర్వాత వరస వెంట వరస. మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాక ఇరుగుపొరుగు వచ్చి తలో మూల పట్టేవాళ్లు. కూలికి కుట్టిపెట్టే ఆడవాళ్లు వీధి వీధి తిరిగేవాళ్లు. పరుపు సంగతి వేరు. దూది ఏకి పరుపులు కుట్టడం దూదేకులవాళ్ల వృత్తి. దానికి ఒక ధర ఉంది, చేసినవాళ్లకు ఒక పేరు ఉంది. ఇంట్లో కుట్టే బొంతకు ధర లేదు. ధర లేని పనిని పనిగా లెక్కపెట్టలేదు.

మన భాష కూడా దాన్ని చిన్నచూపే చూసింది. సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడితే చాలు, 'అతుకుల బొంత' అని పత్రికలు రాసేస్తాయి. పొంతన లేకుండా పేర్చింది, నిలవనిది అని వాళ్ల ఉద్దేశం. నిజానికి బొంత నిలుస్తుంది. తడిపితే ఇద్దరు కలిసి పిండాల్సినంత బరువెక్కుతుంది, బండకేసి బాదినా అంత తొందరగా ఊడిపోదు. విడివిడిగా చిరిగిపోయిన గుడ్డలు కలిపి కుట్టాకే గట్టిపడతాయి. ఇంత సరిగ్గా తిరగబడిన పోలిక మన రాజకీయ భాషలో ఇంకొకటి నాకు తోచదు. భజగోవిందంలో వీధిలో పడి ఉన్న పేలికలతో కుట్టిన కంథ యోగి ఒంటి మీది వస్త్రం. ఆ కంథ పేరుతోనే బెంగాల్లో కాంథా కుట్టు ప్రపంచమంతా తెలిసింది. ఇప్పుడు కాంథా కుట్టు చీరలు వేలు పోసి కొనుక్కుంటాం. దానికి చెల్లెలి వరసైన బొంతను మాత్రం తిట్టుగా వాడుకుంటున్నాం.

ఒకసారి హుబ్బళ్లి నుంచి అంకోలా వైపు బస్సులో వెళ్తున్నప్పుడు, యల్లాపూర్ దాటాక ఒక ఇంటి ముందు దడి మీద ఆరేసిన బొంత కనిపించింది. ముదురు ఎరుపు, పసుపు, నీలం ముక్కలు. మూలల్లో చిన్న చిన్న ముక్కలు పువ్వుల్లా ముడిచి కుట్టి ఉన్నాయి. బస్సు ఆగలేదు. అది కవంది అని తర్వాత తెలిసింది. ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యల్లాపూర్ ప్రాంతాల్లో సిద్దీలు ఉంటారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. సిద్దీ ఆడవాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. మూలల్లో పెట్టే ఆ ముక్కల్ని 'ఫూల' అంటారు. అవి లేకపోతే కవందికి బట్ట కట్టనట్టేనని వాళ్ల మాట. ఈ మాట విన్నాక ఏ బొంతనైనా ముందు మూలల దగ్గర చూస్తున్నాను.

అమెరికాలో ఉన్న మనవాళ్లు న్యూజెర్సీ నుంచి వారాంతంలో లాంకాస్టర్ వెళ్తుంటారు. ఆధునిక యంత్రాలకు వీలైనంత దూరంగా బతికే క్రైస్తవులైన ఆమిష్‌వాళ్ల పల్లెలు, గుర్రపు బగ్గీలు, దుకాణాల్లో వేలాడే క్విల్టులు. ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. ఆమిష్ పేరుతో అమ్మిన ఆ క్విల్టుల్లో చాలావాటి వెనక లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన మోంగ్ మహిళల చేతిపని ఉందన్న సంగతి ఆ ఫొటోల్లో ఉండదు. క్విల్టుల్లో రహస్య సంకేతాలు ఉండేవని, వాటిని చూసుకుంటూ నల్లజాతి బానిసలు ఉత్తరాదికి తప్పించుకున్నారని ఇంకో కథ ప్రచారంలో ఉంది. 1999లో వచ్చిన ఒక పుస్తకంతో అది బాగా పాకింది. ఆధారాలు లేవని చాలామంది చరిత్రకారులు చెప్పినా ఆగలేదు. ఒక ఆడమనిషి చలికి తట్టుకోవడానికి, కంటికి నచ్చేలా కుట్టుకుంది అంటే మనకు సరిపోదు కాబోలు, అందులో ఏదో గూఢం ఉండాలి.

అలబామా రాష్ట్రంలో ఒక నది వంపులో ఉన్న జీస్ బెండ్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. బానిసల వారసులు ఉండే చిన్న ఊరు అది. అక్కడ పెట్‌వే ఇంటిపేరు చాలామందికి ఉంది. పూర్వం ఆ తోట యజమాని పేరే వాళ్లకు ఇంటిపేరైంది. 1942లో మిస్సూరి పెట్‌వే భర్త చనిపోతే, ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలన్నీ విప్పి ఒక బొంత కుట్టింది. ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి కుట్టుకుందని ఆమె కూతురు తర్వాత చెప్పింది. మన దగ్గర చాలా ఇళ్లలో పోయినవాళ్ల బట్టలు ఎవరికైనా ఇచ్చేస్తారు. మోకాళ్ల దగ్గర అరిగిన ప్యాంటును కప్పుకుని పడుకోవడం అనే ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

1966లో అక్కడా, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1970లలో సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీకి కార్డురాయ్ అనే చారలు తేలిన మందపాటి గుడ్డతో దిండు గలీబులు కుట్టి ఇచ్చారు. మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాయి. అందుకే ఆ కాలపు జీస్ బెండ్ బొంతల్లో అంత కార్డురాయ్ కనిపిస్తుంది. కూలి పనిలో మిగిలిన గుడ్డ కళగా మారింది. 2002లో హ్యూస్టన్‌లోని ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆ బొంతల్ని గోడలకు వేలాడదీశారు. విమర్శకులు గొప్ప చిత్రకారులతో పోల్చారు. 2006లో ఆ బొంతల బొమ్మలతో తపాలా బిళ్లలు వచ్చాయి. మరుసటి ఏడాది, తమకు రావాల్సింది రాలేదని కొందరు కుట్టినవాళ్లు కోర్టుకు వెళ్లారు. 2008లో ఆ వివాదం పరిష్కారమైంది. గోడ మీదికి ఎక్కగానే అన్నీ చక్కబడతాయని కాదు. కానీ పక్కన పేరు రాసి ఉంది. పేరున్న మనిషి కోర్టుకైనా వెళ్లగలదు.

తెర మీద నేను చూసిన బొంతల్లో పేర్లు దాచిపెట్టే వీల్లేనిది ఒక్కటే, ఎయిడ్స్ స్మారక క్విల్ట్. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం పచ్చిక మీద 1,920 ముక్కలు పరిచారు. ఒక్కొక్కటి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. అంటే సమాధి అంత. ఒక్కో ముక్క మీద పోయిన మనిషి పేరు. చాలావరకు తల్లో, స్నేహితుడో, సహచరుడో కుట్టింది. పైనుంచి తీసిన ఆ దృశ్యాల్లో కెమెరా ఎటు తిరిగినా పేర్లే కనిపిస్తాయి. ఆ జబ్బు గురించి మాట్లాడడానికే జనం జంకిన రోజుల్లో, బొంతను గదిలోంచి తెచ్చి దేశ రాజధాని నడిబొడ్డున పరిచారు.

ఇక్కడ మనకు టైమ్ తక్కువగా ఉంది. బొంతకు నలిగి మెత్తబడిన నూలు గుడ్డ కావాలి. సిల్కులాంటి సింథటిక్ చీర ఎంత పాతబడినా చెమట పీల్చదు, పొర మీద పొర నిలవక జారుతుంది. పానిపట్ నుంచి వచ్చే మందపాటి మింక్ దుప్పట్లు ప్రతి బజారులోనూ దొరుకుతున్నాయి. అవి కొనుక్కునేవాళ్లను నేను తప్పుపట్టను. రోజుల తరబడి నడుం వంచి కుట్టమని ఎవరినీ అడగలేం. కానీ ఇప్పటికే కుట్టి, బీరువాల కింద, అటకల మీద పడి ఉన్న బొంతలు ఎవరివో ఈ పదేళ్లలో రాసుకోకపోతే ఇక చెప్పేవాళ్లు ఉండరు. సినిమావాళ్లను కూడా ఒక్కటి అడగాలనుంది. కథలో ఒక ఆడమనిషి చేతులకు పని కావాల్సి వచ్చినప్పుడల్లా ఆమెతో కూరగాయలే తరిగించకండి. ఒక్క సీన్‌లోనైనా బొంత కుడుతూ మాట్లాడనివ్వండి.

పోయిన వేసవిలో మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క బొంతను వరండాలో పరిచి, పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏ ముక్క ఎవరిదో అడుగుతూ నోట్‌బుక్‌లో బొమ్మ గీసి రాసుకున్నాను. ఆకుపచ్చది అమ్మమ్మ మంగళగిరి చీర. గళ్లది తాతయ్య లుంగీ. వంకాయ రంగుది పెద్దమ్మదే, పెళ్లైన కొత్తలో కట్టుకుంది. పదిహేడు ముక్కలు చెప్పింది. రెండు మూలల దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, వేళ్లతో చాలాసేపు తడిమింది. "ఈ రెండూ ఎవరివో మీ అమ్మమ్మకే తెలియాలి," అంది. ఆ రెండు గళ్లూ ఖాళీగా వదిలి, కింద ఆ రోజు తేదీ వేశాను.