మూసీలో కలిసిన చాయ్

కాలేజీలో నన్ను పీర్ ట్యూటర్‌గా, అంటే తోటి విద్యార్థుల రాతకి సాయం చేసేదానిగా, తీసుకున్నారని ఇంట్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నెలకెంత ఇస్తారు?" రెండో ప్రశ్న, "మరెందుకు?"

రెండోదానికి జవాబు నా దగ్గర కూడా లేదు. పద్ధతి మాత్రం మా మేడం బాగానే వివరించారు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో 1982లో ఇలాంటిది మొదలుపెట్టారట. డిగ్రీ పిల్లల్నే ఒక్కో కోర్సుకి జతచేస్తారు. తోటి విద్యార్థి డ్రాఫ్ట్ ఇస్తే మనం చదివి నాలుగు మాటలు రాస్తాం, ఎదురుగా కూర్చుని మాట్లాడతాం, అతను వెళ్లి తిరగరాస్తాడు. పాతదీ కొత్తదీ రెండూ కలిపి లెక్చరర్ చేతికి వెళ్తాయి. మార్కులతో మనకి సంబంధం లేదు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పెన్ను మీ చేతిలోకి రాకూడదు," అన్నారు మేడం. వాళ్ల వాక్యం మనం రాయకూడదని అర్థం. ఆ మాటని ఎంత భక్తిగా పాటించానంటే, ట్యూటరింగ్ ఉన్నరోజు పెన్ను ఇంట్లోనే వదిలేసేదాన్ని. ఒకసారి ఇంటర్నల్ పరీక్షకి కూడా అలాగే వెళ్లాను. అది వేరే కథ.

మాకిచ్చిన గదిలో జిరాక్స్ మిషన్ పెట్టేశారు కాబట్టి మా ఆఫీసు క్యాంటీన్. కిటికీ పక్క టేబుల్, ఒక కాలి కింద మడతపెట్టిన అట్టముక్క. అక్కడికి వచ్చాడు నల్గొండ నుంచి వచ్చిన ఫస్టియర్ తమ్ముడొకడు, 1908 మూసీ వరదల మీద వ్యాసంతో. మొదటి వాక్యం: "మూసీ వరదలు అనగా మూసీ నదికి వచ్చిన వరదలు." రెండో వాక్యం నుంచి మానవాళి, ప్రకృతి, ప్రాముఖ్యత. ఇవి ఏ వరదకైనా సరిపోతాయి. సైక్లోన్‌కీ సరిపోతాయి.

శిక్షణలో చెప్పినట్టే కాగితం పక్కన పెట్టించి, "నాకు నోటితో చెప్పు, అసలు ఏమైంది?" అన్నాను.

"అక్కా, ఉస్మానియా దవాఖానల చింతచెట్టు ఉన్నది గదా. వరద వచ్చిన్నాడు నూట యాభై మంది దాన్నెక్కి బతికిండ్రట. మా మామకు కాలు ఇరిగినప్పుడు నేను ఆ చెట్టు కిందనే కూసున్న."

నాకు ఒళ్లు జలదరించింది. "అదే! అదే రాయి!"

"తెలుగు టైపింగ్ రాదక్కా. ఫోన్‌కి చెప్తే అదే రాసుకుంటది," అంటూ మైక్ నొక్కాడు.

పెన్ను లేదు, నా చెయ్యి పడలేదు, అతని మాట అతనిదే. నేను ప్రశ్నలు అడుగుతున్నాను, అతను చెబుతున్నాడు, ఫోన్ రాసుకుంటోంది. మేడం చూస్తే గర్వపడేవారు. నిశ్శబ్దంగా ఉంటే మైక్ దానంతటదే ఆగిపోతుందట. మా క్యాంటీన్‌లో నిశ్శబ్దం ఎక్కడిది!

గడువు ఆ రాత్రి పన్నెండు. తప్పులు దిద్దడం ఆఖర్న చేసుకోవచ్చని నేనే చెప్పాను. పదకొండు యాభై ఎనిమిదికి ఆఖరు ఎక్కడుంటుంది? తమ్ముడు చూసుకోకుండా పంపేశాడు.

మూడోరోజు సార్ ఇద్దర్నీ స్టాఫ్‌రూమ్‌కి పిలిపించారు. కాగితం నా ముందుకి జరిపి, "పైకి చదవమ్మా. మీ పద్ధతే కదా," అన్నారు.

ఫోన్ అన్నిచోట్లా మూసీని "మూసి" అని రాసింది. మూత పెట్టిన గిన్నెలో పాలు పొంగినట్టు "మూసి పొంగింది" అని మొదలుపెట్టాను. అసలు సంగతి రెండో పేరాలో ఉంది.

"నూట యాభై మంది చింతచెట్టు ఎక్కి బతికిండ్రు అన్నా రెండు చాయ్ ఒకదాంట్లో చక్కెర తక్కువ మళ్ల వరద రావద్దని నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చిండు హలో అమ్మా మీటింగ్‌లో ఉన్నా కొత్తిమీర పది రూపాయలదే తెస్తా 1920ల ఉస్మాన్‌సాగర్ 1927ల హిమాయత్‌సాగర్ కట్టిండ్రు సూపర్ తమ్ముడూ ఇదే కావాలి సార్‌కి."

కొత్తిమీర దగ్గర నా గొంతు పడిపోయింది. పక్క టేబుల్ దగ్గర పేపర్లు దిద్దుతున్న మేడం భుజాలు కదులుతున్నాయి. తమ్ముడు నేలమీద టైల్స్ లెక్కపెడుతున్నాడు.

పెన్ను పట్టకూడదన్నారు, పట్టలేదు. నోరు మూసుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సార్ ఎర్రపెన్నుతో చింతచెట్టు వాక్యం కింద గీతగీసి "బాగుంది" అని రాశారు. రెండు చాయ్ పక్కన, "ఆధారం ఎక్కడ?" కొత్తిమీర పక్కన ఏమీ రాయలేదు, చుట్టూ సున్నా చుట్టి వదిలేశారు.

"మొదటి డ్రాఫ్ట్‌లో ఒక్క మనిషీ లేడు," అన్నారు రెండు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టి. "రెండోదాంట్లో మరీ ఎక్కువమంది ఉన్నారు. సోమవారానికి బయటివాళ్లని పంపించేసి తీసుకురా." తమ్ముడితో అన్నారో నాతో అన్నారో తెలియలేదు. ఇద్దరం తలూపాం.

మర్నాడు మళ్లీ అదే టేబుల్. తమ్ముడు మైక్ నొక్కి, గొంతు సవరించుకుని, "సెప్టెంబర్ 28," అని మొదలుపెట్టాడు. నేను పెదాలు బిగించి కూర్చున్నాను. చాయ్ కావాలనిపిస్తే గల్లా వైపు తిరిగి రెండు వేళ్లు మాత్రం చూపించాను.

"రెండు చాయ్, ఒకదాంట్ల చక్కెర తక్కువ!" అని క్యాంటీన్ అన్న లోపలికి వినబడేలా కేకేశాడు.

తమ్ముడు ఉలిక్కిపడి ఫోన్‌ని రెండు చేతులతో మూసేశాడు.