సవరణ: ఆ ట్రయల్స్ ఫ్లూ టీకావి, పైలోరీవి కావు

"హెలికోబాక్టర్ పైలోరీకి నానోకణాల టీకా మనుషుల మీద ట్రయల్స్ దాకా వచ్చింది" అని మొన్నటి పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాను. పైలోరీ అంటే కడుపులో పుండ్లు (అల్సర్లు) తెచ్చే బాక్టీరియా. ట్రయల్స్‌కి వెళ్లింది ఫ్లూ టీకా. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ శాస్త్రవేత్తలు పైలోరీ నుంచి ఫెరిటిన్ అనే ప్రొటీన్ మాత్రమే తీసుకున్నారు, దాని 24 ముక్కలు వాటంతట అవే అతి చిన్న బంతిలా (నానోకణం అంటే ఇదే) అమరిపోతాయి కాబట్టి ఆ బంతి మీద ఫ్లూ వైరస్ ప్రొటీన్‌ని నిలబెట్టారు, అంతే, అది కడుపులో పుండ్లని ఆపదు. పైలోరీకే చేసిన టీకాని చైనాలో 6–15 ఏళ్ల పిల్లలకి నోటి ద్వారా ఇచ్చి చూశారు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం మొదటి ఏడాది రక్షణ 71.8 శాతం, మంచి ఫలితమే, కానీ అందులో నానోకణాలు లేవు. అల్సర్ ఉన్నవాళ్లు దయచేసి టీకా కోసం ఆగొద్దు, డాక్టర్ రాసిన యాంటీబయాటిక్స్ కోర్సు మధ్యలో ఆపకుండా పూర్తి చేయండి.