పెంబర్తి దగ్గర ఒక్కసారి ఆగండి

సెలవులంటే ఊటీ, అరకే కానక్కర్లేదు, ఇంటి చుట్టుపక్కలే కొత్త చోట్లు వెతుక్కోవచ్చని మీరు రాసిన వ్యాసం చాలా నచ్చింది. మాది హనుమకొండ. చుట్టాలెవరొచ్చినా వేయిస్తంభాల గుడి, రామప్ప చూపించి పంపేస్తాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్ప పేరు అందరికీ తెలిసింది, సంతోషమే. కానీ అంతదూరం వెళ్లినవాళ్లు దగ్గర్లోని గణపురం కోటగుళ్లు చూడకుండా వెనక్కి రావడం అన్యాయం. ఏనుగు మీద నిలిచిన గజకేసరి (సగం మనిషి, సగం సింహం) శిల్పం దగ్గర్నుంచి మా పాప ఎంత పిలిచినా కదల్లేదు.

పిల్లలకు అన్నిటికంటే నచ్చింది మాత్రం పెంబర్తి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు జనగామ దగ్గర అందరం దాటిపోయే ఊరే. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, చిన్న ఉలితో టకటకా కొడుతుంటే నెమలి మెడ మెల్లగా పైకి ఉబికి వస్తుంది. గుళ్లలో ధ్వజస్తంభాల తొడుగులు కూడా ఇక్కడివాళ్లే చేస్తారు. పని చేసుకుంటున్నవాళ్లను ముందు అడిగి లోపలికి వెళ్లండి, వీలైతే చిన్న వస్తువైనా కొనండి.

వానలు పడ్డాక నర్సంపేట వైపు పాకాల చెరువుకు వెళ్దామనుకుంటున్నాం. కాకతీయులు తవ్వించిన ఆ చెరువు మీద కూడా ఒక వ్యాసం రాయండి, ప్లీజ్.